గీత పడని బ్రేకు

పోయిన వారం బ్రేకక్కను షాపు వెనక గదిలో, చేతిలో టార్పాలిన్ అంచుతో నిలబెట్టేసి మన దారిన మనం పోయాం. అలా నిలబెట్టడం అన్యాయమే. కానీ ఆ గుడ్డ ఎత్తడానికి ధైర్యం తెచ్చుకోవడానికే ఆవిడకి చలికాలమంతా పట్టింది కాబట్టి, మన వారం రోజుల ఆలస్యాన్ని ఆవిడ పెద్దగా పట్టించుకుని ఉండదు.

కొత్తగా చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. కొండ దిగువన ఉన్న ఈ సైకిళ్ళ షాపు బ్రేకక్కదీ ఆమె బావదీ. బావంటే పెద్దక్క మొగుడు. బ్రేకక్కకీ ఆమె తమ్ముడికీ కొండ సైకిలు తొక్కడం నేర్పింది ఆయనే. అమ్మకాలూ కుర్రాళ్ళ శిక్షణా ఆయన చూసుకుంటాడు, బ్రేకుల పని ఈమెది. ఆ పేరు కూడా అందుకే వచ్చింది. చలికాలం మొదట్లో జరిగిన కొండ పందెంలో తమ్ముడు 'ఏడుపు మలుపు' దగ్గర హ్యాండిలు మీంచి ఎగిరి రాళ్ళ మీద పడ్డాడు. తొడ ఎముక విరిగింది. ముందు బ్రేకు పట్టేసిందని బావ చెప్పాడు. అందరూ నమ్మారు, అందరికన్నా గట్టిగా బ్రేకక్కే నమ్మింది. ఇవాళ సాయంత్రం షాపు ముందు హాల్లో రైడర్ల సంఘం కూర్చోబోతోంది. ఆమె లేచి నిలబడి, తప్పు తనదేననీ ఇకమీదట పందెం సైకిళ్ళ మీద చెయ్యి వెయ్యననీ చెప్పాలి. చెప్పిన మరుక్షణం ఆమె పేరూ పనీ రెండూ పోతాయి.

తమ్ముడు పడ్డ సైకిలును బావ ఆ రోజే వెనక గదిలో పెట్టి కప్పేశాడు. "చూస్తే తట్టుకోలేవు మరదలా, ఆ పక్కకి వెళ్ళకు" అన్నాడు. ఆమె వెళ్ళలేదు. ఇవాళ, పని చేతిలోంచి పోయేలోపు ఒక్కసారి చూసుకుందామనుకుంది.

టార్పాలిన్ ఎత్తింది. ఎండిపోయిన బురద, ముక్కిన రబ్బరు వాసన, చిరిగిన సీటు. ఎంతో ముద్దుగా తను బిగించిన సైకిలు గోడకి ఆనుకుని తల వంచుకుని ఉంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాటిని భుజంతో తుడుచుకుంటుండగానే ముందు గదిలో గంట మోగింది. ఏడవడానికి కూడా తీరిక ఇవ్వని వ్యాపారం మరి.

వచ్చినాయన పళ్ళ డాక్టరు. ఊరికి కొత్త. నడుం చుట్టూ కొవ్వు చేరిందని ఈ మధ్యే గ్రహించినట్టున్నాడు, ఎక్కడలేని తొందరా మొహంలోనే కనబడుతోంది.

"వెనకా ముందూ స్ప్రింగులున్న సైకిలు కావాలండీ. అదే మంచిదంటున్నారు."

"ఎవరంటున్నారు?"

"అందరూ."

"ఆ అందరూ మీతోపాటు కొండెక్కుతారా డాక్టరు గారూ? ముందు స్ప్రింగులున్నది చాలు మీకు. వెనక గట్టిగా ఉంటేనే మీరు చేసే తప్పులు మీకు తెలుస్తాయి. అన్నీ మెత్తగా ఉంటే తప్పు చేశామని పడ్డాక గానీ తెలీదు. ఇంతకీ ఎక్కడ తొక్కుదామని?"

"ఏడుపు మలుపు దారి బ్రహ్మాండంగా ఉంటుందట కదా!"

తమ్ముడు పడ్డ చోటది. అయినా బ్రేకక్క నవ్వేసింది.

"మీ క్లినిక్కుకి పేషెంట్లు కావాలంటే వెళ్ళి అక్కడ నిలబడండి. తొక్కడానికి మాత్రం వద్దు. మొదట నీళ్ళ ట్యాంకు కింద గడ్డి వాలులో తొక్కండి. పడ్డా గడ్డే, తగిలినా గడ్డే. అది విసుగు పుట్టాక పాత రాళ్ళ గని చుట్టూ ఉన్న దారి. వాన పడ్డాక మాత్రం నేల ఆరేదాకా ఏ దారికీ వెళ్ళకండి. మీకేమవుతుందని కాదు, మీ టైర్లకి దారి పాడైపోతుంది. వెనకొచ్చేవాళ్ళు మిమ్మల్ని తిట్టుకుంటారు."

డాక్టరు బుద్ధిగా తలూపాడు. ఆమె ఒక సైకిలు దింపి, దాన్ని రిపేరు స్టాండుకి బిగించి, ఆయన చేత హ్యాండిలు పట్టించింది.

"బ్రేకుకి ఒక్క వేలు చాలు. మిగతా వేళ్ళు హ్యాండిలు పట్టుకోవడానికి. మలుపులోకి వెళ్ళాక బ్రేకు వెయ్యకండి, మలుపు రాకముందే వేసెయ్యండి. కుడి చేతిది ముందు చక్రం, ఎడమ చేతిది వెనక చక్రం. ఇంకో రకంగా తొక్కేవాళ్ళూ ఉన్నారు. మా బావకి ఎడమ చేతిదే ముందు చక్రం. ఎలా తొక్కినా తప్పులేదు. ఒకసారి ఒంటికి పట్టాక మార్చడమే తప్పు. ఇప్పుడు కళ్ళు మూసుకోండి."

"నోరు తెరవండి అనేది నా మాట, కళ్ళు మూసుకోండి అనేది మీ మాటా?" అని ఆయన కళ్ళు మూసుకున్నాడు.

ఇది ఈ షాపు ఆచారం. సైకిలు కొన్నవాడైనా, పందానికి వెళ్ళేవాడైనా బ్రేకక్క ముందు కళ్ళు మూసుకుని హ్యాండిలు పట్టుకోవాలి. ఆమె ఉన్నట్టుండి ఏదో ఒక చక్రం పేరు అరుస్తుంది. ఆ చక్రం తాలూకు మీటని ఆ చెయ్యి ఆలోచించకుండా నొక్కాలి. అలా నొక్కేదాకా సైకిలు ఇవ్వదు. దీని గురించి కుర్రాళ్ళు ఎన్ని జోకులేసుకున్నా, పందానికి ముందు ఆమె "సరే" అన్న సైకిలు బ్రేకుల్ని ఇంకెవ్వరూ ముట్టుకోకూడదని సంఘంలో నియమమే పెట్టారు. ముట్టుకున్న రైడరూ, వాడి గురువూ బతికున్నంత కాలం పందేలకి దూరం. సీలూ లేదు, సంతకమూ లేదు. ఆ "సరే" అనే మాటే సీలు.

"ముందు చక్రం!" అని అరిచింది.

డాక్టరు అదిరిపడి రెండు చేతులూ ఒకేసారి బిగించాడు. ఇద్దరూ నవ్వారు. మళ్ళీ చేశారు, మళ్ళీ చేశారు, చివరికి కుదిరింది. వెళ్తూ వెళ్తూ ఆయన గుమ్మంలో ఆగాడు.

"ఒక మాటండీ. బ్రేకుల పని పడితే మాత్రం మీకివ్వకుండా తిన్నగా తన చేతికే ఇమ్మన్నారు మీ బావగారు. సలహా అయితే మీ దగ్గరే తీసుకోమన్నారు. అదేంటో నాకు అర్థం కాలేదు."

"సాయంత్రం ఇక్కడే సంఘం మీటింగు, రండి, అర్థమవుతుంది" అంది బ్రేకక్క. మాట మామూలుగానే వచ్చింది. సాయంత్రం దాకా ఆగలేకపోయాడా బావ అని మాత్రం గుచ్చుకుంది. తప్పు ఒప్పుకునేదాకా కూడా ఆగకుండా నలుగురికీ చెప్పుకుంటున్నాడన్నమాట. వెంటనే తననే తిట్టుకుంది. ఆయన తప్పేముంది, పాపం, షాపు పేరు కాపాడుకోవాలి కదా అనుకుంది. మంచివాళ్ళకి ఉండే జబ్బే ఇది, ఎదుటివాడి తరఫున వాదన కూడా వాళ్ళే వినిపిస్తారు.

వెనక గదికి తిరిగొచ్చి తమ్ముడి సైకిలుని ఎత్తి స్టాండుకి బిగించింది. ముందు చక్రాన్ని చేత్తో తిప్పి వదిలింది. కుడి చేతి మీట నొక్కింది. చక్రం టక్కున ఆగింది. వదిలింది. చక్రం హాయిగా తిరిగింది. మళ్ళీ నొక్కింది, మళ్ళీ వదిలింది. ఎక్కడా పట్టేయలేదు, ఎక్కడా రాసుకోలేదు. ఇన్ని నెలలు మూలన పడి ఉన్నా, కొత్త పెళ్ళికూతురిలా ఒద్దికగా ఉంది బ్రేకు.

పట్టేసిన బ్రేకు గుడ్డ కింద ఉండి తనంతట తాను బాగవుతుందా?

ఆమె స్టాండుని లైటు దగ్గరకి లాక్కుంది. తడిగుడ్డతో బురద తుడుస్తూ చూసింది. తమ్ముడు కుడి పక్కకి పడ్డాడు. కుడి పెడలు అంచు అరిగిపోయి ఉంది. సీటు కుడి పక్క చిరిగింది. హ్యాండిలు కుడి కొస రబ్బరు ఊడి, లోపలి ఇనుము రాళ్ళకి గీసుకుపోయింది. అన్నీ కుడి పక్కే. బాగానే ఉంది.

కానీ ఆ గీసుకుపోయిన కొసకి జానెడు దూరంలో ఉన్న కుడి బ్రేకు మీట మీద ఒక్క గీత కూడా లేదు. తళతళా మెరుస్తోంది.

ఎడమ వైపు చూసింది. ఎడమ కొస రబ్బరు చెక్కు చెదరలేదు. ఎడమ మీట మాత్రం చివర వంగి, రాళ్ళకి గీరుకుపోయి, మొద్దుబారి ఉంది.

బ్రేకక్క స్టూలు మీద కూర్చుంది. ఈ రకం మీటలు రెండు పక్కలా ఒకేలా ఉంటాయి. రెండు బోల్టులు వదులు చేస్తే దీన్ని అటూ, దాన్ని ఇటూ మార్చేయొచ్చు, ఏ చక్రం తీగ ఆ మీటతోనే పోతుంది. ఇప్పుడు ఎడమ పక్కనున్న మీట, తమ్ముడు పడినప్పుడు కుడి పక్కన ఉంది. అంటే వాడి సైకిలుకి ముందు చక్రం బ్రేకు ఎడమ చేతికి ఉంది. ఎవరో మార్చారు. పడ్డాక, ఎవరూ చూడకముందే, మళ్ళీ వెనక్కి మార్చారు. తుప్పు పట్టిన బోల్టుల నెత్తిన, వాటిని తిప్పే ఎలన్ కీ ఆడిన మెరుపు ఇంకా ఉంది.

ఎడమ చేతితో ముందు చక్రాన్ని ఆపే మనిషి ఈ కొండ మీద ఒక్కడే. పడ్డ సైకిలును కిందికి తెచ్చిన మనిషి కూడా ఆ ఒక్కడే.

"మరదలా! ఎక్కడున్నావ్?" అంటూ ఆ ఒక్కడే గదిలోకొచ్చాడు. భుజం మీద ఇస్త్రీ చేసిన చొక్కా ఉంది. "మీ పెద్దక్క పంపింది, మీటింగులో ఇది వేసుకోమంది." అప్పుడు చూశాడు స్టాండు మీదున్న సైకిలుని. మొహం మీద నవ్వు అలాగే ఉంది కానీ దాని వెనక మనిషి లేడు. "దీన్నెందుకు తీశావే? వద్దన్నానుగా."

"ఊరికే, చూద్దామని."

"సరే, చూశావుగా. ఏదీ, ఒకసారి అప్పజెప్పు. నలుగురి ముందు తడబడకూడదు."

నిన్నటి నుంచీ ఆయన ఆమె చేత ఆ మాటలు వల్లె వేయిస్తున్నాడు, చిన్నపిల్లకి ఎక్కాలు చెప్పించినట్టు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో కూడా ఆయనే చెప్పాడు.

బ్రేకక్క లేచి నిలబడింది. ఎడమ చెయ్యి ఆ వంగిన మీట మీద పెట్టుకుంది. "పందానికి ముందు రోజు నేను బ్రేకు ప్యాడ్లు మార్చాను. మార్చినప్పుడు నా వల్ల పొరపాటు జరిగింది. ముందు బ్రేకు పట్టేసింది. తప్పు పూర్తిగా..." ఆగింది. "బావా, వాడు ఏ పక్కకి పడ్డాడు?"

"అదేం ప్రశ్న? కుడి పక్కకి. తొడ విరిగిందీ ఆ పక్కేగా."

"మరి కుడి మీట మీద ఒక్క గీతైనా లేదేం?"

బావ వంగి చూశాడు. చూడనక్కరలేని వాడు చూసినట్టు చూశాడు. "రాయికీ రాయికీ మధ్య పడుంటుంది. అదృష్టం."

"మరి ఎడమది ఎందుకు గీసుకుపోయింది?"

"రాయేదో ఎగిరి తగిలుంటుంది."

"ఎగిరిన రాయి బోల్టులు కూడా విప్పి బిగించిందా?"

ఆయన చొక్కాని ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదకి మార్చుకున్నాడు. బయట హాల్లో ఎవరో కుర్చీలు లాగుతున్న చప్పుడు మొదలైంది. ఆ చప్పుడు విని తలుపు దగ్గరకేసి, దానికి ఆనుకుని నిలబడ్డాడు.

"నెమ్మదిగా మాట్లాడు. నేనే మార్చాను."

ఆమెకి ఆ సంగతి తెలుసు. తెలిసి కూడా, ఆ మాట ఆయన నోటితో విన్నాక స్టాండు పట్టుకుంది.

"పందెం రోజు పొద్దున్నే దారి చూద్దామని వెళ్ళాను" అన్నాడు బావ, నేలకేసి చూస్తూ. "నా సైకిలు టైరు పంక్చరు. వాడిది కనబడింది. రాత్రి మంచుకి రాళ్ళు తడిగా ఉన్నాయి, నాకు అలవాటులేని చేత్తో దిగలేనని మీటలు మార్చుకున్నాను. తిరిగొచ్చాక మార్చేద్దామనుకున్నా. ఇంతలో ఎవరో పిలిచారు. మర్చిపోయాను. అంతే. వాడు పడ్డాక గుర్తొచ్చింది."

"గుర్తొచ్చి?"

"వాణ్ణి స్ట్రెచరు మీద దింపుతుంటే, నేను సైకిలుతో వెనకుండిపోయి..."

"వాడు అక్కడ అరుస్తుంటే నువ్వు వెనకాల బోల్టులు విప్పుతున్నావన్నమాట." ఆమె గొంతు పైకి లేచింది. "తర్వాత నా దగ్గరకొచ్చి, నా చెయ్యి పట్టుకుని, ఏడవకమ్మా, పొరపాటు ఎవరికైనా జరుగుతుంది అన్నావ్. గుర్తుందా? నీ భుజం మీద పడి ఏడ్చాను బావా! వాడి కట్టు మార్చిన ప్రతిసారీ ఈ చేతులే కదా ఇంత పని చేశాయి అని చచ్చేదాన్ని. ఒక ఎలన్ కీ ముట్టుకోవాలన్నా భయపడేదాన్ని. నువ్వు చూస్తూ ఉండేవాడివి. పోనీ మరదలా, కొన్నాళ్ళు బ్రేకుల పని నేను చూసుకుంటాలే అనేవాడివి. నేను దణ్ణం పెట్టాను నీకు!"

"నియమం తెలుసుగా. నువ్వు సరే అన్నాక నేను ముట్టుకున్నానంటే నా పని అయిపోయినట్టే. కుర్రాళ్ళు పోతారు, శిక్షణ పోతుంది, షాపు మూతపడుతుంది. మీ పెద్దక్క ఏమవ్వాలి? నీదైతే పొరపాటు. పొరపాటంటే జనం జాలిపడతారు. మర్చిపోతారు."

"జాలి నాకూ, కుర్రాళ్ళు నీకూ. బాగా పంచావ్ బావా."

ఆయన మొహం మాడిపోయింది. బ్రేకక్కకి నవ్వొచ్చింది, ఆ నవ్వు చూస్తే మనకి భయమేస్తుంది. చిన్నప్పుడు సీటు వెనక చెయ్యి పెట్టి పరిగెత్తుకుంటూ వచ్చిన బావ, వదిలేశాక కూడా పట్టుకునే ఉన్నానని అరిచిన బావ. ఆ అబద్ధం వల్లే తనకి తొక్కడం వచ్చింది. అబద్ధం చెప్పడం ఆయనకి కొత్త కాదు, తనకి వినడం కొత్త కాదు. కాకపోతే అప్పుడు తనని నిలబెట్టడానికి చెప్పాడు.

"తమ్ముడికి తెలుసా?" అంది.

"తెలీదు." జవాబు మరీ తొందరగా వచ్చింది. "వాడికేం తెలీదు. పాపం, వాణ్ణి ఇందులోకి లాగకు. కావలిస్తే నన్ను తిట్టు, కొట్టు."

ఆ మాట ఆమెకి కాస్త ఊపిరి పోసింది. పోనీ, వాడైనా మిగిలాడు. తమ్ముణ్ణి పక్కన నిలబెట్టుకుని హాల్లోకి వెళ్తుంది. జరిగింది చెబుతుంది. సంఘం బావని ఏం చేసుకుంటుందో చేసుకోనీ. వాడు మాత్రం "చూశారా, మా చిన్నక్క తప్పేం లేదు" అంటాడు. ఆ ఒక్క మాట చాలు, ఈ చలికాలమంతా కడిగేసుకోవచ్చు.

అలా అనుకుంటూనే ఆమె చెయ్యి మీట మీద అటూ ఇటూ కదులుతోంది. చెయ్యి ఆలోచిస్తోంది. ఏడుపు మలుపు కన్నా పైన నీళ్ళ ట్యాంకు దగ్గర ఇంకో మలుపుంది. అక్కడ బ్రేకు వెయ్యకుండా ఎవడూ తిరగలేడు. ఆ రోజు తను నిలబడింది అక్కడే. తమ్ముడు వచ్చాడు, ముద్దుగా వేగం తగ్గించాడు, దుమ్ము కూడా లేవకుండా తిరిగాడు. తను చప్పట్లు కొట్టింది. మీటలు తారుమారైన సంగతి తెలియనివాడు మొదటిసారి నొక్కగానే తత్తరపడాలి కదా? వాడు తత్తరపడలేదేం?

బయట నుంచి చేతికర్ర చప్పుడు దగ్గరకొచ్చింది. టక్, అడుగు, టక్, అడుగు. తలుపు తట్టి, "చిన్నక్కా, అధ్యక్షుడు గారు వచ్చేశారు. సిద్ధమయ్యావా?" అంటూ తమ్ముడు లోపలికొచ్చాడు. బావ పక్కకి తప్పుకున్నాడు. తమ్ముడు సైకిలుని చూశాడు. తర్వాత బావని చూశాడు. చూపు చాలా చిన్నది, రెప్పపాటు కూడా లేదు. కానీ బ్రేకక్క ఆ చూపుని పట్టేసుకుంది.

"ఇలా రారా" అంది. "ఆ కర్ర గోడకి పెట్టు. హ్యాండిలు పట్టుకో."

"ఇప్పుడెందుకక్కా?"

"ఎన్నాళ్ళైందో కదా. ఒకసారి పట్టుకో. సరదాకి."

"మీటింగుకి టైమవుతోంది" అన్నాడు బావ.

"నువ్వు నోర్మూసుకో."

బావతో ఆమె ఎన్నడూ అలా మాట్లాడలేదు. తమ్ముడు బెదిరిపోయి కర్ర గోడకి ఆనించాడు. ఆరోగ్యంగా ఉన్న కాలి మీద బరువేసి, రెండు చేతులతో హ్యాండిలు పట్టుకున్నాడు. పట్టుకోగానే భుజాలు వాటంతట అవే సర్దుకున్నాయి. ఎంతైనా రైడరు.

"కళ్ళు మూసుకో."

మూసుకున్నాడు. నుదుటి మీద చెమట పట్టింది. బ్రేకక్క వాడి వెనక్కి వెళ్ళి నిలబడింది. చిన్నప్పుడు ఈ తల తనే దువ్వేది. ఇప్పుడు వాడు తను అనుకున్నవాడే అయి ఉండాలని, బావ చెప్పిన ఆ ఒక్క మాటైనా నిజమై ఉండాలని మనసులో మొక్కుకుంది. అరవలేదు. వాడి చెవి దగ్గర మామూలుగా అంది.

"ముందు చక్రం."

ఎడమ చెయ్యి బిగిసింది.

ఆ తర్వాత, గుర్తు తెచ్చుకుని, కుడి చెయ్యి కూడా బిగిసింది. కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. వంగిన మీట ఎడమ గుప్పిట్లో ఉంది. వెనక చక్రం ఊరికే అలా బిగుసుకుపోయి నిలబడింది.

తమ్ముడు కళ్ళు తెరవలేదు. తెరిస్తే ఎదురుగా ఏముంటుందో వాడికి తెలుసు.

"ఎప్పట్నుంచి?" అంది బ్రేకక్క.

"చిన్నక్కా, నేను..."

"ఎప్పట్నుంచి రా?"

"బావ దగ్గర పందేలకి శిక్షణ మొదలుపెట్టినప్పట్నుంచి. కుడి చెయ్యి బలమైంది, వెనక చక్రాన్ని ఆడించాలంటే ఆ చెయ్యే కావాలన్నాడు. ఒంటికి పట్టాక మార్చడమే తప్పంటావు, నీకు చెబితే ఒప్పుకోవుగా. అందుకని నీ ముందు నీలాగే..." వాడు ఎడమ మీట వదిలేశాడు. "నువ్వు సరే అన్నాక, పైకి వెళ్ళి మార్చుకునేవాళ్ళం. కిందికి దిగాక మళ్ళీ నీలాగే పెట్టేవాళ్ళం."

"ఏ పందానికి?"

"అన్నిటికీ."

అన్నిటికీ. తను కళ్ళు మూయించిన ప్రతిసారీ వాడు నాటకమాడాడు. ప్రతిసారీ తను సంతోషంగా "సరే" అంది. వాడు గెలిచి వచ్చినప్పుడు, "అంతా మా చిన్నక్క చెయ్యి చలవ" అని మైకులో చెప్పినప్పుడు, పక్కనే నిలబడి తను కళ్ళు తుడుచుకుంది. ఆ పక్కనే బావ నిమ్మకు నీరెత్తినట్టు నవ్వుతూ చప్పట్లు కొట్టాడు. ఇద్దరికిద్దరూ. తన చేతి అన్నం తిన్న ఇద్దరూ.

"ఆ రోజు ఆ మలుపులో ఏ చెయ్యి ఏదో మర్చిపోయానక్కా" అన్నాడు తమ్ముడు. ఇప్పుడు ఏడుస్తున్నాడు. "ఒక చేత్తో నువ్వు నేర్పింది, ఇంకో చేత్తో బావ నేర్పింది. రెండూ కొట్టుకున్నాయి. పడ్డాక, మార్చెయ్యి బావా, చిన్నక్క చూస్తుంది అని నేనే అన్నాను. ఈ సంగతి తెలిస్తే మళ్ళీ ఈ జన్మలో నన్ను పందెంలోకి రానివ్వరు. ఈ కాలు బాగయ్యేది దాని కోసమే. నీకు... నీకు ఎలాగూ పందేలు లేవుగా."

నీకు ఎలాగూ. కాలు విరిగినప్పుడు వాడు ఎంత అరిచాడో ఆమెకి తెలుసు. ఇప్పుడు తను ఎందుకు అరవలేకపోతోందో తెలియలేదు. నమ్మినవాళ్ళు గొంతు కోస్తే గొంతు ఎక్కడుంటుంది అరవడానికి? తప్పు చేశానని నెలల తరబడి కుమిలిపోయిన మనిషి, తప్పు చేయలేదని తెలిసిన రోజున ఇంతకన్నా ఎక్కువ కుమిలిపోవలసి రావడం ఏం న్యాయమో చెప్పండి.

"బ్రేకక్కా! అందరం వచ్చేశామమ్మా!" బయట నుంచి సంఘం అధ్యక్షుడి గొంతు వినిపించింది.

బావ ఇస్త్రీ చొక్కాని ఆమె ముందుకు చాపాడు. "వేసుకో. నిన్న అనుకున్న మాటలే చెప్పు. నాకోసం కాదు. వాడి కోసం. వాడికి ఆ కొండ తప్ప ఇంకేం తెలీదు."

"నాకు మాత్రం ఏం తెలుసు బావా?" అంది ఆమె.

చొక్కా తీసుకోలేదు. గ్రీజు మరకల పని చొక్కాతోనే స్టాండు బిగువు వదిలి సైకిలుని కిందికి దింపింది. తమ్ముడికి వాడి చేతికర్ర అందించింది, అలవాటు అలాంటిది. తలుపు తీసి, సైకిలు నడిపించుకుంటూ హాల్లోకి వెళ్ళింది. బురద ముక్కలు దారిపొడుగునా రాలాయి.

అందరూ ఆ సైకిలుకేసే చూస్తున్నారు. వెనక వరసలో పళ్ళ డాక్టరు పలకరింపుగా చెయ్యెత్తి, ఎవరూ నవ్వడం లేదని గమనించి దించేసుకున్నాడు. మొదటి వరసలో పెద్దక్క కూర్చుని ఉంది. ఒక పక్క కుర్చీ మొగుడి కోసం, ఇంకో పక్క కుర్చీ తమ్ముడి కోసం ఉంచింది. ఏ పాపమూ ఎరగని మొహంతో చెల్లెలికేసి చూసి, "భయపడకే. ఒక్క నిమిషం. చెప్పేసెయ్, ఇంటికి పోదాం" అంది.

బావా తమ్ముడూ వచ్చి ఆ రెండు కుర్చీల్లో కూర్చున్నారు. ఆమె ఇంకేం చెప్పినా ఆ వరసలో ముగ్గురూ కూలిపోతారు. నిన్న వల్లె వేసిన మాటలు చెబితే ఒక్కతే కూలిపోతుంది.

బ్రేకక్క సైకిలు హ్యాండిలు రెండు చేతులతో పట్టుకుంది. ఎడమ అరచేతికి ఆ గీసుకుపోయిన మీట గరుగ్గా తగిలింది.

"తప్పు..." అంది. పెద్దక్క కళ్ళలోకి చూసింది, మళ్ళీ మొదలుపెట్టింది.

"నేను చెప్పబోయేముందు, మీరందరూ చేతులు ముందుకు చాపండి, హ్యాండిలు పట్టుకున్నట్టు. ఆ, పెద్దక్కా, నువ్వు కూడా. బావా, తమ్ముడూ, మీరు కూడా. అధ్యక్షుడు గారూ, మీరొక్కరు మాత్రం వీళ్ళ చేతులు చూస్తూ ఉండండి. ఇప్పుడు కళ్ళు మూసుకోండి."